మా గడిలో దొరికిన మట్టి గుండు

మా ఏలూరులో కొందరు పెద్దలు కలిసి ఒక పాత పెంకుటింట్లో చిన్న మ్యూజియం నడుపుతున్నారు. నాలుగు గదులు, నాలుగు గాజు బీరువాలు, ఫ్యాను కింద కునుకుతీసే వాచ్‌మన్. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఒక మాస్టారు పిల్లల కార్యక్రమాలు నెత్తిన వేసుకునేదాకా అక్కడికి వెళ్ళేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆయన వచ్చాక నెలకో ఆదివారం పిల్లలూ తల్లిదండ్రులూ అమ్మమ్మలూ తాతయ్యలూ అందరూ రావడం మొదలైంది. ఓ నెల పగిలిన కుండ ముక్కలు అతికించడం, ఓ నెల తాటాకు మీద గంటంతో పేరు రాయడం. మా అమ్మాయి ఐదో తరగతి. హోంవర్కు అనగానే కడుపునొప్పి వచ్చే పిల్ల, ఆ ఆదివారాలు మాత్రం నాకంటే ముందే లేచి జడ వేయమని కూర్చునేది.

నేను తాడేపల్లిగూడెంలో లెక్కల టీచర్ని. ఆరు రోజులు రైళ్ళలో పడి తిరుగుతాను, ఏడో రోజైనా నడుం వాల్చనివ్వరా అని మొదట్లో సణిగాను. నాలుగు నెలలు గడిచేసరికి నాకే బాగుండడం మొదలైంది. పిల్లలు పెరట్లో బురద పూసుకుంటూ ఉంటే పెద్దవాళ్ళం వసారాలో కూర్చుని టీ తాగుతూ కబుర్లు చెప్పుకునేవాళ్ళం. జవాబుపత్రాలు దిద్దని ఆదివారం ఎంత హాయిగా ఉంటుందో అక్కడే తెలిసింది.

పోయిన చలికాలంలో మాస్టారు తవ్వకాల కార్యక్రమం పెట్టారు. పెరడంతా తాళ్ళు కట్టి గళ్ళుగా విడదీశారు. కుటుంబానికో గడి. శనివారం సాయంత్రం ఎవరింటి వస్తువు ఒకటి వాళ్ళు, ఆయనకి కూడా చూపించకుండా, తమ గడిలో పాతిపెట్టాలి. ఆదివారం పొద్దున్న ఒకరి గడిని ఇంకొకరి పిల్లలు తవ్వుతారు. దొరికినదాన్ని చూసి, ఆ ఇంటివాళ్ళు ఎలాంటి మనుషులో చీటీ మీద రాసి అందరికీ చదవాలి. చరిత్రంటే ఇంతేనండీ, మన చెత్తని చూసి తర్వాతివాళ్ళు మన గురించి చెప్పుకునే కబుర్లు, అని నవ్వారాయన.

అందరూ నవ్వారు గానీ నాకు గుండెలో రాయి పడింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మాది కొల్లేటికోట. నాన్న సరస్సులో చేపలు పట్టేవాడు. అమ్మ వలలు బాగుచేసేది. నాకు పదేళ్ళప్పుడు చదువు కోసమని ఏలూరు హాస్టల్లో చేర్చారు. మొదటిరోజు నేను పెట్టె తెరవగానే పక్క మంచం అమ్మాయి ముక్కు మూసుకుంది. దాన్ని చూసి మిగతావాళ్ళూ మూసుకున్నారు. ఆ పెట్టెలో ఉన్నవి అమ్మ రెండుసార్లు ఉతికి ఆరేసిన బట్టలు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పటినుంచి ఎవరు అడిగినా "మాది కైకలూరు" అనడం నేర్చుకున్నాను. కైకలూరంటే టౌను. బస్టాండు ఉంది, బజారు ఉంది, అక్కడివాళ్ళు ఎవరైనా కావచ్చు. హాస్టల్లో పుట్టిన ఆ అబద్ధం నాతోపాటే కాలేజీ చదివింది, ఉద్యోగం తెచ్చుకుంది, చివరికి మా అపార్ట్‌మెంటులో ఫ్లాటు కూడా కొనుక్కుంది. మా ఆయనకి అన్నీ తెలుసు. మిగతా లోకానికంతా నేను కైకలూరు ఆడపడుచునే.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. వెంట తెచ్చుకున్నది ఒక ట్రంకు పెట్టె. దాని తాళంచెవికి ఒక మట్టి గుండు కట్టుకుంది. వల నీళ్ళలో మునగడానికి అంచు పొడవునా గుండ్లు కడతారు. ఇప్పుడందరూ సీసంవి కొనుక్కుంటున్నారు గానీ, అమ్మ రోజుల్లో బంకమట్టిని నిమ్మకాయంత ఉండ చేసి, మధ్యలో పుల్లతో చిల్లి పొడిచి, పొయ్యిలో కాల్చుకునేవారు. ఆ గుండు అమ్మ చేతిదే. అది బొడ్లోంచి జారి టప్పుమని నేల మీద పడ్డప్పుడల్లా, కీచైను కొనిస్తాను ఆ మట్టిముద్ద తీసెయ్యమ్మా అని విసుక్కునేదాన్ని. ఎవరైనా చూసి అదేమిటని అడుగుతారేమోనన్నది నా అసలు బాధ.

పాతిపెట్టడానికి నేను బాగా ఆలోచించి, మా ఆడపడుచు ఇచ్చిన టీ సెట్టులో విరిగిపోయిన కప్పు ఒకటి తీశాను. బంగారు అంచు, గులాబీ పువ్వులు. మా వంశచరిత్ర బంగారు అంచుతో మొదలైతే నాకేం నష్టం? తీరా శనివారం నా రైలు భీమడోలులో గంటసేపు ఆగిపోయింది. కప్పు మూటగట్టి బల్ల మీద పెట్టాను, అమ్మమ్మతో కలిసి వెళ్ళి దాన్ని పాతిపెట్టి రా అని అమ్మాయికి ఫోన్లో చెప్పాను.

ఆదివారం మా గడి భీమడోలు నుంచి వచ్చిన రైతు కుటుంబం వాళ్ళ పాపకి పడింది. తొమ్మిదేళ్ళుంటాయి, రెండు పిలకలు. చెంచాతో గీకి గీకి కప్పు ముక్క బయటికి తీసి, నాలుక బయటపెట్టి మరీ చీటీ రాసి గట్టిగా చదివింది. వీళ్ళు టీ ఎక్కువ తాగేవాళ్ళు, ఖరీదైనవి కొనేవాళ్ళు, కానీ జాగ్రత్త లేదు, పగలగొట్టేశారు. వసారా అంతా నవ్వులు. నేనూ నవ్వాను. గండం గడిచిందనుకున్నాను.

ఆ పిల్ల ఆగలేదు. ఇంకా ఏదో తగులుతోందని మళ్ళీ తవ్వింది. మాస్టారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పైకొచ్చిన మట్టి ఉండని బ్రష్షుతో తుడిచారు. తర్వాత గబగబా లోపలికి వెళ్ళి బీరువా తెరిచి, దగ్గర్లోని ఒక దిబ్బ మీద ఎప్పుడో దొరికిన మట్టి గుండు ఒకటి తెచ్చారు. రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టారు. అదే సైజు, అదే చిల్లి.

"ఏవండీ, అందరూ ఒకసారి ఇలా రండి," అన్నారు. "ఇది మనం పాతింది కాదు. భూమిలోదే. మనం నిలబడ్డ చోట వేల ఏళ్ళ కిందట చేపలు పట్టేవాళ్ళు ఉండేవారండీ."

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోన్లు తీసి ఫోటోలు పట్టారు. పేపరు విలేకరికి కబురు చేస్తానని మాస్టారు జేబులు తడుముకుంటున్నారు.

నాకు చూడగానే తెలిసింది. వసారాలో కుర్చీలో ఉన్న అమ్మ వైపు చూశాను. బొడ్లో తాళంచెవికి ఉత్త దారమే వేలాడుతోంది. పక్కన మా అమ్మాయి ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. అమ్మ దాని చెయ్యి గట్టిగా నొక్కింది. నొక్కి, నా వైపు చూసి, తల దించుకుంది.

ఊరుకుందామనే అనుకున్నాను. మీ దగ్గర దాచడమెందుకు? మాస్టారు సంతోషంగా ఉన్నారు, జనం సంతోషంగా ఉన్నారు, అమ్మ గుండు దర్జాగా గాజు బీరువాలో కూర్చుంటుంది. రేపు నిజం బయటపడితే పెద్దాయన నవ్వులపాలవుతారు కదా అన్న ఆలోచన కూడా నన్ను కదిలించలేదు. కదిలించింది మా అమ్మాయి మొహం. దానికి పదేళ్ళు. తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది. ఎక్కడ ఊరుకోవాలో నేను నేర్చుకున్నది కూడా ఆ వయసులోనే. నేను ఎవరో ముక్కు మూసుకుంటే నేర్చుకున్నాను. ఇది నన్ను చూసి నేర్చుకుంటోంది. నా మీద నాకే చెప్పలేనంత కోపం వచ్చింది.

"మాస్టారూ, అది మాదేనండి," అన్నాను. క్లాసులో మాట్లాడినంత గట్టిగా వచ్చింది గొంతు. "మా అమ్మ చేసిన గుండండి. మాది కొల్లేటికోట. మా నాన్న చేపలు పట్టేవాడు."

ఆయన మొహం వాడిపోయింది. చూడలేక నేలచూపులు చూశాను. ఆయన మళ్ళీ రెండు గుండ్లూ అటూ ఇటూ తిప్పి చూసుకుని, లేచి వసారాలోకి వెళ్ళి అమ్మ కుర్చీ దగ్గర నేల మీద చతికిలబడ్డారు. మీరు మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్నారా, ఆవిడ ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని మొదలుపెట్టారు. బీరువాలోని గుండుకి చిల్లి ఒకపక్కకి సాగినట్టు ఎందుకుందో తనకి ఎన్నాళ్ళుగానో అంతుబట్టలేదన్నారు.

అమ్మ దాన్ని తీసుకుని చిల్లిలో బొటనవేలు గోరు పెట్టి చూసింది. "ఆయ్, బాగా వాడిందండి ఇది. తాడు ఒరిసి ఒరిసి ఇలాగే అరుగుద్దండి. నాదింకా కొత్తదండి," అంది.

ఆయన నోటుబుక్కు తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. పిల్లలు గడులు వదిలేసి అమ్మ చుట్టూ మూగారు. మట్టి ఎక్కడిది, ఎన్ని గుండ్లు కడతారు, చేప తప్పించుకుంటే ఏం చేస్తారు. అమ్మ అంతసేపు మాట్లాడటం మా ఇంటికి వచ్చాక నేను వినలేదు. భీమడోలు పాప వాళ్ళమ్మ మాత్రం చేపల పులుసులో మామిడికాయ ముందు వెయ్యాలా తర్వాత వెయ్యాలా అని అడిగింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు. ముప్ఫై ఏళ్ళు దేనికి భయపడ్డానో వెతికినా కనపడలేదు.

గుండు మాస్టారికే ఇచ్చేసి ఆటో ఎక్కాం. అమ్మాయి ముందుసీటు కావాలని మారాం చేసి, వద్దంటే నా మీద వాలి పడుకుంది. అమ్మని అడిగాను, కప్పుతో ఊరుకోక అది ఎందుకు పెట్టావని. మనవరాలు 'మీ ఇంటి వస్తువు లేదా అమ్మమ్మా' అని అడిగిందట. ఎవరికీ తెలియదులే అనుకుని కప్పు కింద ఇంకాస్త లోతుగా పాతిందట. నాకు తెలిస్తే బాధపడతానని ఎవరికీ చెప్పొద్దని దానితో ఒట్టు కూడా వేయించుకుంది.

నేనెందుకు బాధపడతానని అడిగాను.

"హాస్టలుకి నిన్ను చూడ్డానికి మొదటిసారి వచ్చినప్పుడు, కైకలూరు పిల్ల వాళ్ళమ్మొచ్చిందని ఆయా కేకేసిందమ్మా," అంది. "ఆయ్ అని లోపలికొచ్చాను. అప్పట్నుంచీ ఎవరడిగినా నేనూ కైకలూరనే చెప్తున్నాను. మీ అపార్ట్‌మెంటులో వాళ్ళకీ అదే చెప్పాను. నీ మాటా నా మాటా తేడా రాకూడదు కదా."

నాకు ఏడుపొచ్చింది. ఆటోవాడు అద్దంలోంచి చూస్తున్నాడని తెలిసి కూడా ఆపుకోలేకపోయాను. అమ్మ "ఇంక మన ఊరు పేరు చెప్పుకోవచ్చా అమ్మా?" అని అడిగింది. తన ఊరి పేరు చెప్పుకోవడానికి నన్ను అడిగింది. చెప్పుకో అమ్మా అన్నాను.

లిఫ్టులో మూడో అంతస్తు ఆవిడ ఎక్కింది. ఆవిడేమీ అడగలేదు. "మాది కొల్లేటికోటండి," అంది అమ్మ.