కడిగిన ద్రాక్షగుత్తులు

నా చిన్నప్పుడు కాజీపేట రైల్వే క్వార్టర్లలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. అటు దగ్గితే ఇటు వినిపించేది. పక్కింటి అక్క భర్త లోకోషెడ్డులో ఫిట్టరుగా పనిచేసేవాడు. వాళ్లు క్రైస్తవులు, మేము కాదు. అయినా మా అమ్మ వండిన కూర పెరటి గోడ మీదుగా అటు పోయేది, క్రిస్మస్‌కు అక్క చేసిన అరిసెలు ఇటు వచ్చేవి. అక్కకు అప్పటికింకా పిల్లలు లేరు. తొమ్మిదేళ్ల దాన్ని, సగం రోజు నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని. మంచి పిల్ల అని అందరూ నన్ను మెచ్చుకునేవాళ్లు. ఆ మాట వినడం నాకు బాగా అలవాటయింది. అదే నా కొంప ముంచిందని ఇప్పుడు అనిపిస్తుంది.

అక్క వాళ్ల నాన్న పాలకుర్తి వైపు ఒక పల్లెలో చర్చి తోట చూసుకునేవాడు. నేను ఆయనను తాత అనేదాన్ని. చర్చి వెనక, ఎప్పుడో ఒక ఫాదర్ నాటించిన చిన్న ద్రాక్షపందిరి ఉండేది. ఆ పళ్లు అమ్మేవి కావు. పూజలో వాడే ద్రాక్షారసం అక్కడే తయారయ్యేది. చుట్టుపక్కల నాలుగైదు చర్చీలకు ఏడాది పొడుగునా అదే సరిపోవాలి. పందిరి కట్టేదీ, పాదులు తీసేదీ, పళ్లు పిసికి జాడీలకు ఎత్తేదీ అంతా తాతే. జాడీల గది తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడుతూ ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని ఒకసారి తడిమి చూసుకునేవాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రసాన్ని తాత ఎన్నడూ రుచి చూడలేదు. ఆ చర్చిలో పూజప్పుడు అప్పం, అంటే చిన్న రొట్టెబిళ్ల, అందరికీ ఇచ్చేవాళ్లు కాని, పాత్రలో ఉన్నది ఫాదర్ ఒక్కడే తాగేవాడు. వయసులో ఉన్నప్పుడు తాత కల్లు బాగా తాగేవాడట. కూతురు పుట్టిన రోజున మానేసి మళ్లీ ముట్టలేదట. తాగిందీ మానేసిందీ రెండూ ఊళ్లో అందరికీ తెలుసు. అవసరమొచ్చినప్పుడు మాత్రం మొదటిదే గుర్తుపెట్టుకున్నారు.

వేసవి సెలవులు ఇవ్వగానే అక్క కోతకు పోతూ నన్ను కూడా వెంట తీసుకుపోయింది. బస్సు ఆలస్యమై మేము చేరేసరికి కోత మొదలైపోయింది. పొద్దున్నే తాత అందరికీ చెప్పిన జాగ్రత్తలు నా చెవిన పడనే లేదు. బయట ఎండ మండిపోతుంటే పందిరి కింద మాత్రం చల్లగా ఉంది. ఊరి ఆడవాళ్లు పీటలెక్కి గుత్తులు కోస్తున్నారు. నాకు అందవు కాబట్టి తాత ఒక గంప బోర్లించి నన్ను దాని మీద నిలబెట్టి, చేతికి కత్తెర ఇచ్చాడు. నల్లటి చిన్న పళ్లు. వాటి మీద వేలు పెడితే అచ్చు పడేటంత బూడిద. నోట్లో వేసుకుంటే పులుపు. చుట్టపుచూపుగా వచ్చిన పట్నం పిల్లనని అందరూ నన్ను ముద్దు చేశారు. మధ్యాహ్నానికి ఒక గంప నిండా నేనే కోశాను.

అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు ఆ గంపను చూస్తూ నిలబడ్డాను. పళ్ల నిండా దుమ్ము. పైగా ఇవి దేవుడి పూజకు. మా ఇంట్లో అరటిపండు కూడా కడగకుండా దేవుడి ముందు పెట్టరు. నాకు తెలిసిన భక్తి అంతే. గంపను ఈడ్చుకుంటూ బోరింగు దగ్గరికి తీసుకుపోయాను. పిడికి వేలాడి, నీళ్లు పడుతుండగానే పరిగెత్తి, ఒక్కో గుత్తినీ వేళ్లతో రుద్ది రుద్ది కడిగాను. బూడిదంతా పోయి పళ్లు నిగనిగలాడుతుంటే, అందరూ నన్ను ఎంత మెచ్చుకుంటారో అని మురిసిపోయాను.

తాత వచ్చి చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఎందుకు కడిగినవ్ బిడ్డా?"

"దేవునికి కదా తాతా. మా అమ్మ కడగంది పెట్టదు."

ఆయన నా పక్కన గొంతుకూర్చుని అన్నాడు. "మీ అమ్మ మంచిగనే నేర్పింది. గని ఈ అంగూర్లకు నీళ్లు తాకొద్దు. మీదున్న ఆ బూడిదతోనే రసం పొంగుతది. అది పోయి తడి తగిలితే ఖరాబైతది. ఆవకాయ జాడీల తడిచెయ్యి పెట్టనిస్తదా మీ అమ్మ?"

ఆవకాయ అనేసరికి నాకు అర్థమైంది. వెంటనే ఏడుపు మొదలుపెట్టాను. నేను కోసినవన్నీ పారేస్తావా అని వెక్కి వెక్కి ఏడ్చాను. నిజానికి ఆయన పారేయాల్సిందే. అది ఆయనే పెట్టుకున్న నియమం. కాని తాత భుజం మీది తువ్వాలు తీసి, ఒక్కో గుత్తినీ పసిపిల్లకు తల తుడిచినట్టు తుడిచి, గోనెసంచి మీద ఆరబెట్టాడు. సాయంత్రం జాడీలకు ఎత్తేటప్పుడు నా గంప దగ్గర కొంచెంసేపు నిలబడ్డాడు. నా మొహం చూశాడు. తర్వాత వాటిని కూడా పిసికి మూడో జాడీలో పోశాడు.

"దేవుని కోసమే కడిగినవ్ కదా, ఆయన జూసుకుంటడు తీ. అక్కకు మాత్రం చెప్పకు, నన్ను తిడ్తది," అని నవ్వాడు. నేనూ నవ్వాను. పెద్దవాళ్లతో ఒక రహస్యం పంచుకున్నందుకు నాకు చెప్పలేనంత గర్వం. దేవుడు చూసుకోలేదు.

వానాకాలం వెళ్లి చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున గోడ అవతల అక్క ఏడుపు వినిపించింది. అమ్మ వెళ్లింది, వెనకాలే నేను. మొదటి రెండు జాడీలూ బాగున్నాయట. మూడోది తెరిచి పూజలో పాత్ర ఎత్తిన ఫాదర్ గుటక వేయలేకపోయాడట. నీళ్లు తగిలినట్టు మూడో జాడీ మొత్తం పులిసి పాడైపోయింది. గది తాళంచెవి ఉన్నది ఒక్క తాత దగ్గరే.

"మా బాపు రసం తాగి, తగ్గినకాడికి నీళ్లు గలిపిండని అంటాన్రు అక్కా," అని అక్క మా అమ్మతో చెప్పింది. "నేను పుట్టినంక ఆయన కల్లే ముట్టలే. నీళ్లెట్ల తగిలినయ్ బాపూ అంటే, నన్నేం అడగకు అంటాండు."

నేను అమ్మ కొంగు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే అయిపోయేది. భయం వేసిందని చెప్పుకుంటే కొంత మర్యాదగా ఉంటుంది, కాని అది సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, నన్నెవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పక్కర్లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తొమ్మిదేళ్లకే అంత తెలివి.

చర్చివాళ్లు తాళంచెవి తీసేసుకున్నారు. తాత కూతురి ఇంటికి, అంటే మా పక్కింటికే వచ్చాడు. ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని వచ్చేపోయే రైళ్లను చూసేవాడు. చెయ్యి మాటిమాటికీ మొలతాడు దగ్గరికి పోయి, ఏమీ లేదని తెలిసి వెనక్కి వచ్చేది. నన్ను చూస్తే ఎప్పటిలాగే బిడ్డా అని పిలిచేవాడు. ఒక్కసారి, కనీసం చూపుతోనైనా నిందించి ఉంటే నేను బతికిపోయేదాన్ని. ఆయనను తప్పించుకోవడానికి బడికి వెనక సందులోంచి పోవడం నేర్చుకున్నాను.

మరుసటి ఏడు తాత మంచం పట్టాడని తెలిసి ఫాదర్ చూడడానికి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. అంత దూరం ఎండలో బస్సులో వచ్చాడు. మంచినీళ్లు ఇవ్వమని అక్క నా చేతికి గ్లాసు ఇచ్చింది. నేను గడపలోకి వచ్చేసరికి ఫాదర్ తాత చెయ్యి పట్టుకుని అడుగుతున్నాడు.

"పెద్దాయనా, నాకు కోపం లేదు. ఆ జాడీ సంగతి ఏమైందో ఒక్కమాట చెప్పు. నీ మనసు తేలికవుతుంది."

తాత కళ్లు నా మీదికి వచ్చాయి. ఇదుగో ఇప్పుడు చెప్తాను అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నా పెదవులు విడివడడం ఆయన చూశాడు.

"పో బిడ్డా, పోయి ఆడుకో," అన్నాడు తాత.

నేను గ్లాసు కిటికీలో పెట్టి పరిగెత్తాను. ఆ పరుగులో నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, కాని అది సంతోషమే.

ఆ తర్వాత తాత, తప్పు నాదే ఫాదర్ అన్నాడట. అంతకుమించి ఒక్కమాట చెప్పలేదట. ఫాదర్ ఆయన తల మీద చెయ్యి పెట్టి, క్షమించి, ప్రార్థన చేసి వెళ్లాడు. పది రోజులకు తాత పోయాడు. మట్టి చేసి వచ్చిన రోజు అక్క మా అమ్మ పక్కన కూర్చుని మెల్లగా అంది, "తాగే ఉంటడు అక్కా. ఒంటరిగ ఉన్నోడు, ఎవలు జూసిన్రు." కన్నకూతురు కూడా నమ్మింది. అప్పుడూ నేను అక్కడే ఉన్నాను. ఇంకో రెండేళ్లకు వాళ్లకు బదిలీ అయింది. రైలెక్కేటప్పుడు అక్క నన్ను దగ్గరికి తీసుకుని, మంచి పిల్లవు అంది.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. ఒకసారి మా బడి సైన్సు సారును అడిగాను, పళ్లు కడిగి తుడిచి ఆరబెడితే ఒక జాడీ పాడవుతుందా అని. అంత చిన్న తడికి కాకపోవచ్చు మేడమ్, మూతికి కట్టిన గుడ్డ వదులై ఉండొచ్చు అన్నాడు. ఆ మాటతో నా బరువు దిగాలి. దిగలేదు. నా తప్పు బోరింగు దగ్గర లేదని నాకు ఎప్పుడో తెలుసు.

తాత చేసింది దయే, కాదనను. కాని ఆ దయ ఆయన పేరును తినేసింది, నన్ను పిరికిదాన్ని చేసింది. ముప్పై ఏళ్లు బడిలో ఎంతమంది పిల్లల తప్పులు చూశానో లెక్కలేదు. ఎవరినీ కొట్టలేదు, ఎవరినీ ఇంటికి పంపలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఎంతసేపైనా సరే, చెప్పేదాకా ఆగాను. మేడమ్‌కు జాలి లేదని పిల్లలు అనుకునేవాళ్లు. అనుకోనీ. నోరు తెరవబోతున్న పిల్లతో, పోయి ఆడుకో అని మాత్రం నేను ఒక్కనాడూ అనలేదు.