ఎండకు పట్టి చూసిన ఫిలిం

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ తరఫున చెరుకు తోటలు తిరగడం నా కొలువు. దుర్బిన్ లాంటి చిన్న గొట్టం ఒకటి చేతిల ఉండేది. దాని అద్దం మీద చుక్క రసం వేసి ఎండకు పట్టి చూస్తే తీపి ఎంతో కనబడేది. కోతకు వచ్చిందో లేదో అక్కడనే చెప్పేటోణ్ణి. ఏడో తరగతితో బడి బంద్ చేసిన నన్ను రైతులు సార్ అనేటోళ్లు. ఆ మర్యాదే నన్ను చెడగొట్టింది.

మా తమ్ముని బిడ్డకు అప్పుడు పదిహేడేండ్లు. బీడీలు చుట్టుకుంట చుట్టుకుంట ఆగి, చాట కింద ఎవరో తన గురించి మాట్లాడుతున్నరనేది. నిద్ర కరువైంది, చర్చికి రావడం మానింది. నిజామాబాద్‌ల మనసు డాక్టరు గోలీలు రాసి, ముదరకముందే పట్టుకోవాలె, నెలనెలా తీసుకరమ్మన్నడు.

నేను ఊకుంటనా? పడుచు పిల్లల మెదడు ఫోటోలు తీసి, ఈ జబ్బు రాబోతున్నదా అని విదేశాలల్ల వెతుకుతున్నరని పేపర్ల చదివి ఉన్న.

"ముందుగాల ఫోటో తియ్యున్రి సార్."

"గడ్డ గిట్ల ఉన్నదేమో చూసుకోనీకి తీయిద్దాం. గాని ఈ జబ్బు ఫోటోల దొరకదు పెద్దమనిషీ. విదేశాలల్ల కూడ ఇంకా వెతుకుతనే ఉన్నరు."

అంత చదివినాయన దొరకదని ఒప్పుకుంటే నాకు ఒళ్లు మండింది.

స్కానింగ్ రిపోర్టుల నార్మల్ అని వచ్చింది. వాడకట్టంత చూస్తుండంగ వాకిట్ల నిలబడి ఫిలింను ఎండకు పట్టి, "సాఫ్ ఉన్నది, ఏం లేదు" అని తేల్చిన. పాస్టరుగారు కూడ చూసి తలూపిండ్రు, ఫిలింను తలకిందులుగ పట్టుకొని. గోలీల డబ్బా అటకెక్కింది.

"పెద్దబాపూ, మాటలు ఫోటోల పడ్తయా?" అని పిల్ల అడిగింది.

"లేనియి ఎట్ల పడ్తయి బిడ్డా?" అని నవ్విన. ఆమె నవ్వలేదు.

నాలుగు నెలలకు ఇల్లిడిచి పోయిన పిల్ల రుద్రూర్ దిక్కు చెరుకు తోటల దొరికింది, ఆకులకు చేతులు కోసుకపోయి. గాలికి ఆకులు చప్పుడు చేస్తుంటే ఆ మాటలు వినబడవని కూసున్నదట.

మళ్ల డాక్టరు దగ్గరికి పోయినం. నా చంకల చుట్టిన ఫిలిం ఉన్నది. ఆయన దాని దిక్కే చూడలేదు.

"ఎంతమంది మాట్లాడుతరమ్మా?"

"ముగ్గురు సార్."

ముగ్గురని మాకెవరికీ తెల్వదు. అడిగితే గద!

గోలీలు మళ్ల మొదలైనయి. ఏడాదికి చాట ముందర కూసుంది, చేతులు కొంచెం నెమ్మదిగ ఆడుతున్నయి. ధైర్యం చేసి అడిగిన, ఇప్పుడెంతమంది అని.

"ఒక్కడే మిగిలిండు పెద్దబాపూ. ముసలోడు. ఎవరడగకున్నా తీర్పులు చెప్తడు."

ఈసారి ఆమె నవ్వింది.