ఫ్యాను కట్టీ

మా వేపు ఎవరూ ఫ్యాను ఆపరు, కట్టేస్తారు. లైటైనా అంతే, మోటారైనా అంతే. ఇరవై ఏళ్ళుగా శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతున్నాను గానీ పుట్టింది సాలూరు. పుస్తకాల తెలుగు ఎంత అలవాటైనా, కోపం వచ్చిందంటే చాలు, నా నోట సాలూరే పలుకుతుంది. నాకు కోపం తొందరగా వస్తుంది కూడా. ఆ కోపంలో ఒక పిల్లని పట్టుకుని "ఫ్యాను కట్టీ" అని అరిచాను. అది నన్నింకా వదల్లేదు.

కరోనా వచ్చి కాలేజీ మూసేసాక ఫోన్లో పాఠాలు చెప్పమన్నారు. పాఠమంటే నాకు చేతిలో సుద్దముక్క, కళ్ళెదుట మొహాలు ఉండాలి. ఎవరికి అర్థం కాలేదో వాళ్ళ మొహం చూస్తే తెలిసిపోతుంది. ఫోన్లో ఏముంది, నల్లటి గళ్ళు. డేటా అయిపోతుందని ఒక్కరూ మొహం చూపించరు. గోడకి చెప్పుకుంటున్నట్టు ఉండేది. ఎవరైనా మైకు తెరిచి మరిచిపోతే వాళ్ళింట్లో కుక్కరు విజిలూ, నాయనమ్మ దగ్గూ అందరికీ వినబడేవి. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరి గడో వెతికి నేనే మైకు నొక్కేసేదాన్ని. నేను మూసిన మైకుని మళ్ళీ వాళ్ళే తెరుచుకోవాలి. ఆ సంగతి మొదటిరోజే చెప్పానని నా ధీమా.

ఆ పిల్ల సెకండియరు. సముద్రం ఒడ్డు పేట వాళ్ళది, తండ్రి వేటకెళతాడు, తల్లి తట్ట నెత్తినెట్టుకుని చేపలమ్ముతుంది. ఆ పేటలో డిగ్రీ దాకా వచ్చిన ఆడపిల్ల ఈమే మొదలు. క్లాసులో చివరి బెంచీలో కూర్చుని నోరెత్తేది కాదు గానీ, లాబులోకి వచ్చిందంటే వేరే మనిషి. ఓసారి ఫార్మలిన్ సీసాలో ఉన్న మా సొరచేప పిల్లని చూసి, "దీని రంగు పోనాది మేడం, పాపం" అంది. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సులో ఐసుపెట్టెలో నాలుగు రకాల తాజా చేపలు తెచ్చి బల్ల మీద పరిచింది. ఆరోజు పాఠం నేను చెప్పలేదు, ఆ పిల్లే చెప్పింది. మొప్ప ఎత్తి చూపించి, "ఇది ఇలగ ఎర్రగుంటే నిన్నటి సేప కాదు" అంటూ ఉంటే పిల్లలందరూ చుట్టూ మూగారు. పిల్లలు నన్ను చేపల మేడం అంటారు. బల్ల కడుగుతూ ఈ పిల్ల, "నానూ సేపల మేడమవుతాను, సూడండి" అంది. "అవుదువులే, ముందు రికార్డు రాయి" అన్నాను నవ్వుతూ.

ఆన్‌లైను క్లాసుల్లో ఆ పిల్ల గడి తెరుచుకుందంటే చాలు, ఒకటే హోరు. మాట వెనక పెద్ద ఫ్యాను తిరుగుతున్నట్టు గుయ్యిమనేది. నేను అడిగిందేమిటో, ఆమె చెప్పిందేమిటో ఒక్క ముక్క తెలిసేది కాదు.

"ఫ్యాను కట్టీ అమ్మా."

"ఫేను కాదు మేడం, ఇది..."

ఆ తర్వాతి మాట హోరులో పోయేది. నేనూ వినదలుచుకోలేదు. "ఎదురు సమాధానం ఒకటీ! పాఠం అయ్యేదాకా ఫ్యాను లేకపోతే చచ్చిపోతావేటి?" అనేసి మైకు నొక్కేసేదాన్ని. అలా ఎన్నిసార్లో. కొన్నాళ్ళకి అదొక అలవాటైపోయింది. ఆమె గడి కనబడగానే వేలు దానంతటదే వెళ్ళేది.

ప్రాక్టికల్సు కూడా ఫోన్లోనే పెట్టమన్నారు. చేపని ముట్టుకోకుండా చేపల ప్రాక్టికలేమిటో, నా మొహం! ఒక్కొక్కరికీ ఐదు ప్రశ్నలు, నోటితో జవాబులు, అంతే. అవే మార్కులు. ఆ పిల్ల వంతుకి ముందే హోరు మొదలైంది. ఇంకొకడు జవాబు చెబుతున్నాడు, వాడి మాట వినబడదు. ఎప్పటిలాగే ఈమె మైకు మూసేశాను. తర్వాత ఆమె వంతు వచ్చింది. మొదటి ప్రశ్న అడిగాను. చప్పుడు లేదు. రెండోది అడిగాను, అదీ అంతే. లాబులో అంత వాగిన పిల్లకి ఇప్పుడేమైందని ఎక్కడ లేని కోపం వచ్చింది. "మూగనోము పట్టేవా ఏటి?" అని అరిచాను. ఐదో ప్రశ్న దాకా అడిగి, ఆగి, సున్నా వేశాను. మైకు మూసింది నేనేనన్న మాట ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. దేవుడి మీద ఒట్టు, రాలేదు. కానీ గుర్తు తెచ్చుకోవాల్సింది.

కాలేజీ తెరిచాక ఆ పిల్ల రాలేదు. స్నేహితురాల్ని అడిగితే, "ప్రాక్టికల్ పోయింది కదా మేడం, రొయ్యల కంపెనీలో చేరిపోయింది" అంది. రాకపోతే పోనీ, నేనేం చేస్తాను అనుకున్నాను. ఏడాది దాటాక లాబు బీరువా సర్దుతుంటే ఆమె రికార్డు దొరికింది. ప్రతి పేజీలోనూ చేప బతికున్నట్టు గీసింది. కోనాం చేప ఒంటి మీద మచ్చలు కూడా లెక్కపెట్టి పెట్టినట్టున్నాయి. ఇలా గీసిన పిల్లకి ఐదు ప్రశ్నల్లో ఒక్కటీ రాకపోవడమేమిటని అప్పుడు తట్టింది. తట్టడానికి ఏడాది పట్టింది నాకు.

ఆ ఆదివారం రికార్డు సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. చివర్లో ఆటో. ఇల్లు కనుక్కుంటే తల్లి గుమ్మంలో వల బాగుచేస్తోంది. "ఓలమ్మా, సేపల మేడమా!" అని గాభరాగా లేచి కుర్చీ వేసింది. కూతురు ఇంకాసేపట్లో కంపెనీ వ్యానులో దిగుతుందంది. ఆ మాటలోనే మా ఆయన ఫోను. ఆమదాలవలసలో రైలు దిగాడట. లోపల సిగ్నలు లేదు, మాట తెగిపోతోంది.

"మా ఇళ్ళల్లో అందదమ్మా. ఆ పడవ కాడికెల్లండి, అక్కడైతే పలుకుతాది" అంది తల్లి.

ఒడ్డు మీదికి లాగి పెట్టిన పడవ దగ్గరికి వెళ్ళాను. ఎండ ఎంత గట్టిగా ఉందంటే ఫోను అద్దం మీద నా మొహం తప్ప ఇంకేమీ కనబడలేదు. గుడ్డిగా నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఏటా హోరు?" అన్నాడు మా ఆయన. "ఒక్క మాట ఇనబడ్డం లేదు. ముందా ఫ్యాను కట్టీ!"

తలెత్తి చూశాను. ఎదురుగా సముద్రం. ఫోను పెట్టేసి పడవ అంచు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. వెనకాలే వచ్చిన తల్లి, "మా గుంటా అచ్చం అక్కడే కూకునేదమ్మా, మీ కిలాసులకి. ఎండలో మాడిపోతన్నావే అంటే ఇనీది కాదు" అంది. ఆ తల్లి మొహంలోకి చూడలేకపోయాను.

వ్యాను వచ్చింది. పిల్ల దిగి నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. ఐసులో నాని నాని వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేనేదో మెల్లగా మొదలుపెడదామనుకున్నాను గానీ ఏడుపొచ్చేసింది. మైకు మూసింది నేనే తల్లీ, మూసి మరిచిపోయాను, తప్పంతా నాదే అని చెప్పేశాను.

ఆ పిల్ల మెల్లిగా, "అయితే నాను సెప్పినవి మీకు ఇనబడనేదా మేడం?" అంది. "ఎండకి అద్దం కనబడనేదు. మీరడగడం ఇనబడతన్నాది కదా అని ఐదూ సెప్పీసినాను. మూగనోమని మీరు తిట్టింది ఇంకెవుల్నో అనుకున్నాను. సున్నా వస్తే అన్నీ తప్పే సెప్పీసేననుకున్నాను. నాకింక సదువు రాదనుకున్నాను."

మళ్ళీ పరీక్ష కట్టు, నేను దగ్గరుండి చూసుకుంటాను అన్నాను. "సూద్దారి మేడం" అంది. మొహమ్మీద కాదనలేనప్పుడే మా వేపు ఆ మాట అంటారు. తమ్ముడు ఇంటరు చదువుతున్నాడు, ఆమె జీతం మీదే. సంచీలోంచి రికార్డు తీసి ఇచ్చాను. నిలబడే పేజీలు తిప్పింది. సొర బొమ్మ దగ్గర ఆగింది.

"సొరకి గాలితిత్తి నేదు మేడం. అందుకే ఈదడం ఆపితే మునిగిపోతాది" అంది. నా మొదటి ప్రశ్న అదే. నేను అడక్కుండానే రెండోది చెప్పింది, మూడోది చెప్పింది. హోరు పక్కనే ఉంది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినబడింది. ఐదూ చెప్పి రికార్డు మూసి, లాబులోలాగే నా మొహంలోకి చూసింది.

"కరెస్టేనా మేడం?"

"కరెస్టేనమ్మా. ఐదుకి ఐదూ" అన్నాను. ఆ మార్కులు వేయాల్సిన కాగితం సున్నాతో యూనివర్సిటీకి వెళ్ళి అప్పటికే ఏడాది దాటింది.