ఫోస్కా వదిన ఎడమ చెంప

పెళ్లయిన మరుసటేడు నుంచీ ఓర్నెల్లా బడి వంటశాలలో గరిటె తిప్పింది. పిల్లల చేత పేచీ లేకుండా పాలకూర తినిపించే ఉపాయం ఆవిడ ఒక్కదానికే తెలుసని సాన్ ఫ్రెడియానో పేటలో పేరు. ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాది, చలి మొదలవుతుండగా, ఆవిడ వెళ్లి చిత్రలేఖనం తరగతిలో చేరింది. ఆ కబురు పేటంతా పాకడానికి మాంసం కొట్టు ముందు జనం నిలబడినంత సేపు చాలింది.

ఆ చిత్రశాల ఎక్కడో లేదు. వాళ్ల వీధి చివర, ఒకప్పుడు గుర్రబ్బళ్లు బాగుచేసిన పాత కొట్టంలోనే ఉంది. ఇన్నేళ్లూ పనికి పోతూ వస్తూ ఓర్నెల్లా ఆ తలుపులోంచి వచ్చే టర్పెంటైన్ వాసన పీల్చింది. లోపల కుంచెలు పట్టుకున్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేసి, కళ్లు సగం మూసి, మళ్లీ ముందుకు వచ్చి ఒక్క గీత గీసి, మళ్లీ వెనక్కి పోతుండేవారు. వీళ్లకేమైనా పూనకమా అనుకునేది. అనుకుంటూనే చేతిలో సంచి బరువు మరిచిపోయి చూసేది.

"ఈ వయసులో నాకెందుకు అనిపిస్తోందండీ, కానీ చేరిపోయాను" అంది భర్తతో.

రొలాందో కుళాయిల పనివాడు. తక్కువ మాటల మనిషి. "నూనె రంగులంటున్నావు. నా చొక్కాలకు దూరంగా ఉంచు, చాలు" అన్నాడు. అంతకుమించి అడ్డు చెప్పే పని తనకు లేదని ఆయనకు తెలుసు. ఆ పని చూడటానికి పై అంతస్తులో ఆయన అక్క ఉంది.

అక్కగారి పేరు ఫోస్కా. పెళ్లి చేసుకోలేదు. చాలాకాలం గుండీలు, దారాలు అమ్మే కొట్టు నడిపింది. కొట్టు మూసేశాక తమ్ముడి కాపురానికి వంకలు పెట్టడం మీదే మనసంతా పెట్టింది. ఓర్నెల్లా కర్టెన్లు పొట్టివి, ఆవిడ శనగల పులుసు పలచన, ఆవిడ నవ్వు మరీ పెద్దది. ఓర్నెల్లా ఎదురాడేది కాదు. అలాగని మనసులో పెట్టుకుని కుమిలిపోయేదీ కాదు. పెనం మీద చిటపటలు విన్నట్టు వినేది.

"ఏమ్మా, బొమ్మలు వేస్తావట?" అంది ఫోస్కా, మెట్ల మీద ఎదురుపడి.

"అవును వదినా. మనుషుల ముఖాలు. నూనె రంగులతో."

"నూనె నీ చేతికి కొత్త కాదులే. పోయినాదివారం నీ వంకాయలు పిండితే సీసా నిండేది."

ఓర్నెల్లా నవ్వుకుంటూ కిందికి దిగిపోయింది.

నేర్పే ఆయన పేరు తెబాల్దో. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ బుగ్గన సోంపు బిళ్ల పెట్టుకుని ఉంటాడు. ఆయన మొదటి రోజే రంగులు ముట్టనివ్వలేదు. చలికాలమంతా సున్నపు బొమ్మ తలకాయ ఒకటి ముందు పెట్టి బొగ్గుతో గీయించాడు. తాపీమేస్త్రుల తూకం గుండు లాంటిది చేతికిచ్చి, దారం వేలాడదీసి, కంటి కొన కింద ముక్కు పక్క వస్తుందా, పెదవి మూల వస్తుందా చూడమనేవాడు. చలి విరిగాక నాలుగే రంగులు ఇచ్చాడు: తెలుపు, నలుపు, పసుపు మట్టి, ఎరుపు. మనిషి ముఖంలో ఉన్న రంగులన్నీ వీటిలోనే ఉన్నాయని చెప్పాడు.

మొదటిసారి నూనె రంగుల్లో వేసింది ఒక పెద్దాయన ముఖం. అందరూ వేస్తుండగా తెబాల్దో ఓర్నెల్లా వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఓర్నెల్లా గారూ, ఇదెవరండీ?"

"అదేమిటి మాస్టారూ, ఆ కుర్చీలో పెద్దాయనే."

"ఆయనకు మీసాలున్నాయి కదా?"

"ఉన్నాయండీ. కానీ పెదవులు బాగా కుదిరాయి. మీసాలు పెట్టి పాడుచేయడం ఎందుకని."

తరగతంతా గొల్లుమంది. పక్కనే వేస్తున్న మందుల కొట్టు గాస్పరే కుంచె కింద పడేసుకున్నాడు. తెబాల్దో మాత్రం నవ్వలేదు.

"మీకు తెలిసిన పెదవులు వేశారు. అక్కడ ఉన్నవి వేయలేదు. పెదవి, కన్ను అన్న మాటలే మరిచిపోండి. వెలుగు ఎక్కడుంది, నీడ ఎక్కడుంది, ఆ నీడ ఎంత ముదురు. ఇంతే అడగండి."

ఆ మాట ఓర్నెల్లా పట్టుకుంది. ఉల్లిపాయ వేగేటప్పుడు ఏ రంగు దగ్గర మంట తగ్గించాలో చూసిన కళ్లే ఆవిడవి. మెడ కింద నీడ వేయాల్సి వస్తే, ఇది ఉల్లి తొలి వేపు రంగా, మలి వేపు రంగా అని చూసుకుని కలిపేది. అలా కలిపిన రంగు ఎక్కువసార్లు సరిపోయేది. సరిపోయిన రోజు ఇంటికి పాడుకుంటూ వచ్చేది.

వసంతంలో ఆ మీసాల పెద్దాయనకు మోకాలు పట్టేసింది. శనివారం పొద్దున తరగతికి అందరూ వచ్చారు, ఎదుట కూర్చునే మనిషి లేడు. తెబాల్దో ఎవరిని పిలవాలా అని ఆలోచిస్తుండగా తలుపు దగ్గర గొంతు వినిపించింది.

"ఓర్నెల్లా, తాళంచెవులు వదిలేసి వచ్చావు. నీ తల ఉన్నచోట ఉండటం నీ మెడ గొప్ప."

ఫోస్కా గుమ్మంలో నిలబడింది. వీధి వెలుగు ఒక పక్క నుంచి పడి, ఆవిడ బుగ్గ ఎముక, నిటారు ముక్కు, గట్టిగా బిగించిన పెదవులు చెక్కినట్టు కనిపిస్తున్నాయి. తెబాల్దో బుగ్గన బిళ్ల అటు నుంచి ఇటు మార్చాడు.

"అమ్మగారూ, కాసేపు కూర్చుంటారా?"

"కూర్చోవడానికి నాకు ఇంట్లో కుర్చీ లేకనా?"

"ఇంత చక్కటి ఎముక ఉన్న ముఖం ఈ ఊళ్లో నాకు దొరకడం లేదండీ."

ఫోస్కా ఆయన వైపు, ఆ తర్వాత మరదలి వైపు, ఆ తర్వాత కుర్చీ వైపు చూసింది. "ఎంతసేపు?" అంది.

వెళ్లి కూర్చుంది. తెబాల్దో ఆవిడ చెప్పుల చుట్టూ, కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దతో గీతలు గీశాడు. మాట్లాడకూడదని చెప్పాడు. ఓర్నెల్లా ఊపిరి బిగబట్టింది. ఫోస్కా వదిన నిజంగానే మాట్లాడలేదు. పెద్ద కిటికీలోంచి వెలుగు కుడి చెంప మీద పడుతుంటే, ఎక్కడో గోడ మీద మేకును చూస్తూ రాణిలా కూర్చుంది.

కాఫీ వేళ వచ్చేసరికి మాత్రం దాచుకున్న మాటలన్నీ తీసింది. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్క చిత్రం ముందూ ఆగింది.

"నాయనా, నన్ను పోలీసువాణ్ణి చేశావే" అంది గాస్పరేతో. మరదలి చిత్రం ముందు మరికాస్త సేపు నిలబడింది. "ముక్కు."

"ముక్కుకేమైంది వదినా?"

"పెద్దది."

"దారం పెట్టి కొలిచానండీ."

"దారం అబద్ధం చెప్పిందని నేను అనలేదు. పెద్దది అన్నాను."

కానీ మరుసటి శనివారం ఎవరూ పిలవకుండానే, జుట్టు దువ్వి ముడివేసుకుని, అందరికంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఇన్నేళ్లలో ఓర్నెల్లా ఆ ముఖాన్ని ఎన్నడూ తేరిపార చూడలేదు. ఆ నోరు తెరుచుకోగానే కళ్లు గిన్నెలోకి దించుకోవడం ఆవిడకు అలవాటు. ఇప్పుడు పొద్దుటంతా చూడటమే పని. నుదుటి మీద గీతలు కోపంవి కావు, దూరపు చూపు ఆనక చిట్లించడం వల్ల పడ్డవి. కళ్లు బూడిదరంగు, అడుగున కాస్త ఆకుపచ్చ. చెవి తమ్మెలు మెత్తగా, పసిపిల్లకు ఉన్నట్టున్నాయి. అవి వేస్తుంటే ఆవిడకు కారణం తెలియకుండానే నవ్వు వచ్చింది.

చిక్కంతా ఎడమ చెంప దగ్గర వచ్చింది. అది నీడలో ఉన్న పక్క. మొదటి శనివారం వేసింది, మాస్టారు బాగుందన్నాడు. రెండో శనివారం వచ్చి చూస్తే నీడ పలచగా కనిపించింది. చిన్న కత్తితో రంగు గీరేసి, ఒక పిసరు ముదురు చేసింది. మూడో వారం మళ్లీ అదే తంతు. ఆ తర్వాతి వారం ఇంకా ముదురు కావలసి వచ్చింది. ఓర్నెల్లా కత్తి బల్ల మీద పెట్టేసింది.

"నాకిక రాదు మాస్టారూ. ఒక చెంప వేయలేనిదాన్ని ముఖమేం వేస్తాను?"

తెబాల్దో వెనక్కి పోయి చూశాడు. గాస్పరే చిత్రం వైపు కూడా ఒకసారి చూశాడు.

"పోయిన వారం మీరు వేసింది పోయిన వారానికి సరిగ్గానే ఉందండీ, నేను చూశాను కదా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "గాస్పరే కూడా ఇదే చెంప గీరుతున్నాడు. నేను వెలుగు మారిందని కిటికీ తెర మీద నెపం వేశాను. మీ నీడ తప్పు కాదు. ఆవిడ చెంపే లోపలికి పోతోంది."

ఓర్నెల్లా తలతిప్పి చూసింది. కాఫీ బల్ల దగ్గర వదిన బాదం బిస్కట్టు కప్పులో ముంచి పట్టుకుని ఉంది. అది నాని సగం విరిగి కప్పులో పడేదాకా ఆగి, మిగిలిన ముక్క ఎవరూ చూడకుండా పళ్లెం అంచున పెట్టేసింది.

అప్పుడు ఓర్నెల్లాకు ఆదివారాలు గుర్తొచ్చాయి. కొన్ని వారాలుగా భోజనానికి కిందికి వచ్చిన వదిన, మాంసం ఒక్క ముక్క నోట పెట్టుకుని "రాయిలా ఉంది" అని పళ్లెం పక్కకు నెట్టి పైకి వెళ్లిపోతోంది. తాను ఎప్పటి ఎత్తిపొడుపే అనుకుంది. ఈసారి ఆవిడ వంకే పెట్టలేదేమో, ఉన్న మాటే చెప్పిందేమో.

సోమవారం మధ్యాహ్నం పాత రొట్టె, టమాటాలు, తులసాకు వేసి జావలా ఉడికించి, గిన్నె పట్టుకుని పైకి వెళ్లింది. ఫోస్కా తలుపు సగమే తెరిచింది.

"ఏమిటది?"

"నమలక్కర్లేనిది."

ఫోస్కా ముఖం ఎర్రబడింది. తలుపు వేసేస్తుందేమో అనుకుంది ఓర్నెల్లా. వేయలేదు. ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. వదిన గిన్నె సగం ఖాళీ చేసింది. ఆ తర్వాత ఆవిడ లేచి, సొరుగులోంచి చేతిరుమాలు మూట తీసి బల్ల మీద విప్పింది. ఎడమ పక్క కట్టుడు పళ్లు, రెండు ముక్కలు.

"జిగురుతో అతికించాను. నిలవలేదు" అంది.

"ఏ జిగురు వదినా?"

"చెప్పులకు వాడేది."

ఓర్నెల్లాకు నవ్వు ఆగలేదు. తమాయించుకోవాలని చూసింది కానీ చేతకాలేదు. ఫోస్కా మొదట కొరకొర చూసి, తర్వాత అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని తానూ నవ్వడం మొదలుపెట్టింది.

"మాకు చెప్పొచ్చు కదండీ."

"చెబితే రొలాందో నన్ను ముసలిదాన్నంటాడు."

"మీకు డెబ్బై దాటాయి కదా వదినా."

"దాటనీ. వాడు అనకూడదు. వాడి ముక్కు తుడిచింది నేను."

రొలాందో ఏమీ అనలేదు. విషయం తెలిశాక పళ్ల డాక్టరు దగ్గరికి అక్కను తానే తీసుకెళ్లి, బయట బెంచీ మీద పేపరు చదువుతూ కూర్చున్నాడు. కొత్త పళ్లు తయారయ్యేదాకా ఫోస్కా రోజూ మధ్యాహ్నం కిందికే వచ్చి తింది. కూరగాయల పులుసులు, మెత్తటి చేప, పాలలో ఉడికిన బియ్యం. ఉప్పు తక్కువంటూ రెండోసారి వడ్డించుకునేది. పళ్లు వచ్చాక కూడా రావడం మానలేదు. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

తరగతిలో మాత్రం కొత్త గొడవ మొదలైంది. చెంప నిండసాగింది. ఇప్పుడు ప్రతి శనివారం నీడ పలచబడుతోంది. గాస్పరే విసిగిపోయి టోపీ నేలకేసి కొట్టాడు.

"ఓర్నెల్లా గారూ, మీకు దండం పెడతాను. చిత్రాల ప్రదర్శన అయ్యేదాకా ఆవిడకు తిండి తగ్గించండి" అన్నాడు.

"నీకేం ప్రదర్శన నాయనా, మందులమ్ముకునేవాడివి" అంది ఫోస్కా కుర్చీలోంచి, పెదవులు కదపకుండా.

"ఏ చెంప ఉంచమంటారు మాస్టారూ?" అని అడిగింది ఓర్నెల్లా.

"ఇప్పుడు కనిపిస్తున్నదే" అన్నాడు తెబాల్దో.

ఆవిడ కత్తి తీసుకుని ముదురు నీడంతా గీరేసింది. ఇన్నిసార్లు గీరినా ఈసారి ప్రాణం ఉసూరుమనలేదు. పసుపు మట్టిలో ఎరుపు ఒక చుక్క కలిపి, వెచ్చగా, వేగిన ఉల్లి కంటే ఒక వన్నె తక్కువగా, చెంప దిద్దింది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసుకుంది. ఎదుట వదిన ఉంది, బట్ట మీద వదిన ఉంది. ముందుకు వెళ్లి ఇంకేమీ ముట్టుకోలేదు.

ఎండలు ముదిరే ముందు చిత్రశాల తలుపులు బార్లా తెరిచి, గోడలకు అందరి చిత్రాలూ తగిలించారు. పేటంతా వచ్చింది. ఫోస్కా పగడాల కమ్మలు పెట్టుకుని వచ్చి, తన చిత్రం పక్కనే, వచ్చినవాళ్లకు పోల్చుకోవడానికి వీలుగా, అదే పక్కకు తల తిప్పి నిలబడింది.

"అచ్చం మీరేనండీ ఫోస్కా గారూ. ఇప్పుడో ఇంకో క్షణానికో ఏదో అనబోతున్నట్టుంది" అన్నాడు మాంసం కొట్టాయన.

"నిన్నటి మాంసం గురించే" అంది ఫోస్కా. "ముదురు."

సాయంత్రం రొలాందో ఆ పటాన్ని తమ భోజనాల గదిలో పెడదామన్నాడు. ఓర్నెల్లా ఒప్పుకోలేదు. తినే చోట ఎదుటే అసలు మనిషి ఉండగా గోడ మీద మరొకరు దేనికంది. పటం పై అంతస్తుకు వెళ్లింది. మేకు కొట్టడానికి తమ్ముడు నిచ్చెనెక్కితే, ఫోస్కా కింద నిలబడి ఎత్తు, పక్క, వంపు చెబుతూ గోడ మీద బోలెడు చిల్లులు పడేదాకా వదల్లేదు.

మళ్లీ తరగతులు మొదలయ్యేసరికి మంగళవారం బృందంవాళ్లు ఫోస్కానే కూర్చోబెట్టమని అడిగి తీసుకున్నారు. శనివారం వాళ్లకు కొత్తగా చేపలమ్మే ఆయన వచ్చాడు. ఆయన చెవులు రెండూ రెండు రకాలు. ఓర్నెల్లా పొద్దుటంతా ఒక్క చెవితో కుస్తీ పట్టి, గీరి, మళ్లీ వేసి, చేతులు తుడుచుకుని ఇంటికి వచ్చింది. బల్ల మీద మూడు పళ్లేలు పెట్టి ఉన్నాయి. వదిన ఎండు చేపతో ఏదో వండి పెట్టింది.

"ఎలా వస్తోంది?" అంది ఫోస్కా.

"చెవి కుదరడం లేదు వదినా."

"కుదురుతుందిలే. ముందు తిను."

ఓర్నెల్లా కుర్చీ లాక్కుని కూర్చుంది. కూరలో నూనె కాస్త ఎక్కువే అయింది, కానీ చాలా రుచిగా ఉంది.