అర సెకను బాబాయ్

మా ఆఫీసులో ఆయన్ని అందరూ అర సెకను బాబాయ్ అనే పిలుస్తారు. ఏదైనా అడిగితే ఆయన అర సెకను ఆగి గానీ జవాబు చెప్పడు. "భోంచేశారా?" అన్నా ఆగుతాడు, "మీ కుర్చీ కింద తేలుంది" అన్నా ఆగుతాడు. నా నోటికేమో బ్రేకులు లేవు. ఆయన పక్క కుర్చీలో చేరిన మొదటి నెల, ఈయన నన్ను లెక్కచేయడం లేదనుకుని లోలోపల ఉడికిపోయాను.

మాది ఉపగ్రహ కేంద్రం. టీవీ ఛానళ్ళ బొమ్మనూ మాటనూ ఆకాశంలోకి పంపడం, ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాటిని దింపుకుని స్టూడియోలకు అందించడం మా పని. గడ్డి మైదానం నిండా ఇంటికన్నా ఎత్తైన తెల్లటి డిష్షులు, అన్నీ ఒకే వైపు మొహమెత్తి ఉంటాయి. అవి చూసే చోట మన కంటికి ఏమీ కనిపించదు. మధ్యాహ్నం పూట వాటి నీడలో నడుస్తుంటే కాళ్ళు నేలకు ఆనుతున్నాయో లేదో తెలియదు. ఎవరెవరి మాటలో, ఎవరెవరి నవ్వులో నా నెత్తి మీదుగా చప్పుడు లేకుండా వెళ్ళిపోతున్నాయనిపిస్తుంది. నిద్రకూ మెలకువకూ మధ్య ఉన్నట్టుంటుంది, నాకది ఇష్టం.

బాబాయ్ అక్కడ ఇరవై ఆరేళ్ళుగా ఉన్నాడు. ప్రత్యక్ష ప్రసారానికి ముందు, దూరాన ఛానల్ వాళ్ళ ప్రసార వ్యాన్ దగ్గరున్న మనిషితో మాట్లాడి లైను సరిచూడటం ఆయన పని. ఇక్కడి మాట ఆకాశంలో ఉపగ్రహం దాకా ఎక్కి దిగాలి, అక్కడి జవాబు మళ్ళీ ఎక్కి దిగాలి. రెండూ కలిపి అర సెకను. ఆగకపోతే మాట మీద మాట పడి రెండూ పాడవుతాయి. అలా ఆగడం అలవాటై, ఆ అలవాటు ఇంటిదాకా వెళ్ళింది.

వాళ్ళావిడ సర్దుకుపోయింది. "ఉప్పు సరిపోయిందా అని అడిగి, వంటింట్లోకెళ్ళి గిన్నె కడుక్కుని వస్తాను. అప్పటికి చెప్తారు" అంటుంది. సర్దుకుపోలేనిది ఆయన అక్క.

ఏడేళ్ళ కిందట, బావగారు పోయిన నెలకు, ఆవిడ ఒక పెట్టె పట్టుకుని వీళ్ళ గుమ్మంలో నిలబడింది. పెట్టె కింద పెట్టకుండానే అడిగింది, "నేను మీ ఇంట్లో ఉంటే నీకేమైనా ఇబ్బందా?" అని. బాబాయ్ ఆగాడు. అర సెకనే. ఆవిడ మొహం మాడిపోయింది. "ఊరికే అడిగాన్లే, బస్సుకు టైమైంది" అని నవ్వి వెనక్కి తిరిగింది. ఈయన వీధి చివరిదాకా పరిగెత్తి బతిమాలాడు. ఆగి చెప్పిన మాట ఆవిడ చెవికెక్కలేదు. ఆవిడది వాతావరణ శాఖలో ఉద్యోగం. బదిలీ అడిగి మరీ ఒక కొండ మీది కేంద్రానికి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే "బాగున్నాను" అని పెట్టేస్తుంది.

"ఆ అర సెకనులో నేనేమీ ఆలోచించలేదమ్మాయ్. అది ఖాళీ. ఖాళీ అని ఎలా నమ్మించను?" అన్నాడొకసారి. నాకు ఆ అక్క మీద కోపమొచ్చింది. ఈయన మీద అంతకన్నా ఎక్కువొచ్చింది.

మొన్న వానాకాలం ఆ కొండ మీద వారం రోజులు వాన ఆగలేదు. ఫోన్లు పోయాయి. ఒక ఛానల్ వ్యాన్ ఎలాగో పైకి చేరింది. మూడింటికి వాతావరణ కేంద్రం నుంచి ఒకరు మాట్లాడతారన్నారు. తెర మీద లైను పరీక్షకు వేసే రంగుల పట్టీలు తొలగి, స్వెట్టర్ వేసుకున్న ఒకావిడ కనిపించింది. వెనక అంతా మబ్బే. బాబాయ్ బటన్ నొక్కి "నా మాట వినిపిస్తోందాండీ?" అనేసి, ఆ తర్వాత తెర చూశాడు.

ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "నువ్వా?"

ఆయన ఆగాడు. "నేనే అక్కా."

ఆవిడ మొహం ముడుచుకోవడం నేను చూశాను. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆవిడ పక్కనున్న వ్యాన్ టెక్నీషియన్ గొంతు వినిపించింది. "మేడమ్, ఆయన టక్కున చెప్పినా మీకు లేటుగానే వస్తుంది. మాట పైకెళ్ళి దిగాలి కదా. ఈ లైను మీద అందరం ఆగి ఆగే మాట్లాడతాం. ఇంటి దగ్గర కూడా అదే అలవాటైపోయింది నాకు. మా ఆవిడ చెవిటోడంటుంది."

ఆవిడ అతని వైపు చూసి, మళ్ళీ కెమెరా వైపు తిరిగింది.

"ఎన్నేళ్ళ నుంచిరా నువ్వీ పని చేస్తోంది?"

"నువ్వొచ్చిన నాటికే పంతొమ్మిదేళ్ళు."

"మరి ఆ రోజు గుమ్మంలో..." అని ఆవిడ, "అక్కా, ఆ రోజు నేను..." అని ఈయన. మాటలు ఢీకొన్నాయి. ఇద్దరూ ఆగారు. మళ్ళీ ఇద్దరూ ఒకేసారి మొదలెట్టారు. "ఎవరో ఒకరు ఆగండి బాబూ" అని నేను తల పట్టుకున్నాను. ఇంకో రెండు నిమిషాల్లో ప్రసారమని స్టూడియో నుంచి చెప్పారు.

"నువ్వుండు. నేనడుగుతాను" అంది ఆవిడ. బాబాయ్ వేలు బటన్ మీదే ఉంది.

"నేను మీ ఇంట్లో ఉంటే నీకేమైనా..."

"రా అక్కా."

ప్రశ్న ఇంకా పూర్తికాలేదు. ఆయన ఒకరి మాటకు అడ్డం రావడం నేనెన్నడూ చూడలేదు. తొందరలో నోరు జారాడనుకున్నాను. కాదు. ఆ ప్రశ్న ఏడేళ్ళుగా ఆయనకు కంఠతా వచ్చు. అది ఎక్కడ ముగుస్తుందో తెలుసు, తన మాట కొండకు చేరడానికి ఎంత పడుతుందో తెలుసు. ప్రశ్న తనకు పూర్తిగా వినపడటానికి సరిగ్గా అర సెకను ముందు పలికాడు. ఇక్కడ మాకు రెండు గొంతులూ కలగాపులగమై వినిపించాయి. అక్కడ మాత్రం, ఆవిడ ప్రశ్న ముగిసిన చోటే, ఊపిరి పట్టేంత సందు కూడా లేకుండా జవాబు ఉంది.

తెర మీద ఆవిడ కళ్ళు మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఎవరు చూస్తే నాకేం. బాబాయ్ బటన్ మీంచి వేలు తీసి, ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎదురుచూశాడు.

"వినపడిందిరా" అంది ఆవిడ. "వాన తగ్గనీ, వస్తాను."