ఒక బొట్టుకి ఒకే బ్లేడు

మొన్న ఆదివారం నౌపడ నుంచి మా ఆడపడుచు వచ్చి, సంచీ కింద పెట్టకుండానే, "నా కూతురి పుట్టింటి బొట్టు నువ్వే కొయ్యాలి వదినా. మా నాన్న లేడు, ఇంకెవుల సేతిలోనూ పెట్టను" అంది. నేను నవ్వి మంచినీళ్లు ఇచ్చాను. ఆమె మెడలో బొట్టు వైపు మాత్రం చూడలేదు.

శృంగవరపుకోటలో మా అత్తవారిది బంగారప్పనిచేసే ఇల్లు. ఆడపిల్ల మంగళసూత్రంలోకి పుట్టింటి బొట్టు వాళ్లు బజారులో కొనరు. మంచి ఘడియ చూసి ఇంట్లోనే బంగారు రేకు నుంచి కోస్తారు. రంపం పట్టాక బొట్టు ఊడి చేతిలో పడేదాకా ఒకే బ్లేడు నడవాలి. మధ్యలో విరిగిందా, రేకు కరిగించి మళ్ళీ ఘడియ చూసుకోవాల్సిందే. కాదని కోస్తే పిల్ల పసుపుకుంకుమలకే చేటంటారు. మా ఆయన బడిపంతులు, ఆయనకు చాక్‌పీసు తప్ప మరో పనిముట్టు పట్టడం రాదు. మామయ్యగారికి కంట్లో పొర వచ్చాక, ఊరికే పక్కన కూర్చుని చూసే నా చేతికి రంపం వచ్చింది. వెంట్రుకంత బ్లేడుకి మైనం రాసి ఇచ్చి, "రేకు తిప్పమ్మా, రంపం తిప్పకు. దానికి కోపమొస్తాది" అనేవారు. అత్తగారి కోపం కన్నా దాని కోపానికే నేను ఎక్కువ భయపడేదాన్ని.

ఆడపడుచు పెళ్లి రెండు రోజులుందనగా, ఆమె బొట్టు కోసే పని నాకు అప్పగించారు. సగం వంపు తిరిగాక ఎవరో పిలిస్తే మామయ్యగారు వీధి అరుగు మీదికి వెళ్లారు. ఆయన వెళ్లిన వైపు చూశాను, అంతే, చేయి వాలింది. టిక్కుమంది. బ్లేడు విరిగింది. పెళ్లిలోపు మరో మంచి ఘడియ లేదు. చెబితే పెళ్లి ఆగుతుందేమో, చెప్పకపోతే ఏమవుతుందో! అటూ ఇటూ చూసి, గబగబా కొత్త బ్లేడు బిగించి, ఆగినచోటి నుంచే కోశాను. రెండు కోతలూ కలిసినచోట అంచు మీద చిన్న నొక్కు పడింది. ఆకురాయితో ఎంత రుద్దినా పోలేదు. విరిగిన ముక్క ఎంత వెతికినా కనపడలేదు.

ఆ తరువాత నౌపడ నుంచి ఫోనొస్తే చాలు, ఆమె భర్తకేదో అయిందనే అనుకునేదాన్ని. తోటకూర ధర చెప్పడానికి చేసినా సరే. మామయ్యగారైతే ఫోను మోగగానే పెరట్లోకి వెళ్లిపోయేవారు. "ఈయనకి ఫోనంటే దెయ్యం" అని అత్తగారు అందరితో చెప్పి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

పెళ్లయిన ఎనిమిదో ఏట, ఉప్పుమడుల నుంచి వస్తున్న ఆమె భర్తను లారీ గుద్దేసింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో వారం రోజులు కళ్లు తెరవలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఇక మోయలేక, మామయ్యగారి పనిచెక్క ముందు కూలబడి జరిగిందంతా చెప్పి ఏడ్చాను. ఆయన మైనం డబ్బా అడుగు నుంచి కాగితం పొట్లం తీసి విప్పారు. అందులో తుప్పుపట్టిన బ్లేడు ముక్క.

"కోతలో రాలిన బంగారం రజనులోంచి ఇనుము తియ్యడానికి ఆ సాయంత్రమే అయస్కాంతం పెట్టానమ్మా. అంటుకొచ్చీసింది."

"మరి నన్ను అడగలేదేం మామయ్యా?"

"అడిగితే నువ్వు మరి రంపం ముట్టవు. సెప్తే ఇంటిల్లిపాదికీ భయం. సెప్పకపోతే నాకొక్కడికే అనుకున్నాను."

ఆయన పెరట్లోకి ఎందుకు వెళ్లేవారో అప్పుడు తెలిసింది. ఒకే గోడకి అటూ ఇటూ కూర్చుని ఇద్దరం ఎనిమిదేళ్లు ఒకే భయంతో బతికాం. రెండు రోజులకు అల్లుడు కళ్లు తెరిచాడు. కుంటుతూనే ఇప్పటికీ మడులకు వెళుతున్నాడు. ఆ నొక్కు సంగతి మాత్రం ఆడపడుచుకి మేమిద్దరం చెప్పలేదు. రెండేళ్ల క్రితం మామయ్యగారు పోయారు.

నిన్న పొద్దున్న మంచి ఘడియలో మేనకోడలి బొట్టుకి రంపం పట్టాను. ఆడపడుచు పక్కనే కూర్చుంది. మైనం రెండుసార్లు రాశాను. రేకే తిప్పాను, రంపం తిప్పలేదు. అయినా మూడో వంపులో టిక్కుమంది. ఆమె అప్పుడే పసుపు కలపడానికి తల వంచింది, వినలేదు. కొత్త బ్లేడు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. రంపం పనిచెక్క మీద పెట్టేశాను.

"ఇరిగిపోయింది" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. చేయి దానంతటదే మెడలో బొట్టు మీదికి వెళ్లింది. "అయితే ఏటి సెయ్యాలి వదినా?" అంది.

"కరిగించాలి. బుధవారం మళ్లీ మంచి ఘడియ ఉంది. ఈలోగా నీ బొట్టు గురించి నీకో మాట చెప్పాలి."

కుంపటి రాజేశాను. ఆ చిన్న రేకు కరగడానికి ఎంతోసేపు పట్టలేదు. విరిగిందన్న ఒక్క మాట ఆమె ముందు నా నోటి నుంచి రావడానికే ఇరవై రెండేళ్లు పట్టింది.