తూక్కం లేని పెట్టె

పెళ్లయి తమిళనాడులోని గుడియాత్తం వచ్చిన ఆరో నెలలో, నేను చేసిన పెట్టె మా మామయ్య వ్యాను బ్యాటరీని మొత్తం తాగేసింది.

మాది గుంటూరు వైపు. వేలూరులో ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. బండి ఎక్కడుందో, బ్యాటరీ ఎంతుందో ఫోనుకు చెప్పే పెట్టెలు తయారుచేస్తాం. బండి ఆగితే పెట్టెలోని పెద్ద చిప్పు నిద్రపోవాలి. బండి తీగలకు కాపలాగా ఒక బుల్లి చిప్పు మాత్రం మేలుకుని ఉంటుంది. తాళం తిప్పగానే తీగల్లో కబుర్లు మొదలవుతాయి. కాపలా చిప్పు అవి విని పెద్దదాన్ని లేపుతుంది. పరీక్షకు బండి ఇవ్వమంటే ఊళ్లో ఎవరూ ఇవ్వలేదు. మామయ్య ఒక్కరే, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఆడవాళ్లను తీసుకెళ్లే తన వ్యాను ఇచ్చారు.

శని, ఆదివారాలు వ్యాను వాకిట్లోనే ఉంది. సోమవారం పొద్దున తాళం తిప్పితే కిక్కురుమనలేదు. అప్పటికే ఎక్కి కూర్చున్న ఆడవాళ్లంతా దిగి తోశారు.

"కోడలమ్మ ఇంజినీరు, మేము స్టార్టరు," అంది వాళ్లలో పెద్దావిడ. అందరితో పాటు నవ్వాను గానీ ఒళ్లు మండింది. మరుసటి సోమవారం కూడా అంతే.

"ఇంకొకసారి ఇట్లయితే పెట్టె పీకేస్తానమ్మా. పాపం, వాళ్ల కూలి పోతాది," అన్నారు మామయ్య. అంతటితో ఆగకుండా, "నీ పెట్టెకి తూక్కం లేదు," అన్నారు.

"తేలిగ్గా ఉండాలనే ప్లాస్టిక్‌తో చేశాం మామయ్యా."

ఆయన నన్ను వింతగా చూశారు. "తూక్కం లేకుంటే ఎట్టమ్మా? మనిషికైనా కావల్ల గదా."

అంటే నేను తూకం లేని మనిషినా? తూకం వేసి కొనడానికి అదేమన్నా చింతపండా? ఆ వారమంతా మూతి ముడుచుకునే తిరిగాను.

శనివారం మధ్యాహ్నం అత్తయ్య టీవీ ముందు కూర్చుని ఆవలించారు. "తూక్కం వస్తా ఉండాది, సౌండు తగ్గించమ్మా," అన్నారు. రిమోటు నా చేతిలో అలాగే ఉండిపోయింది. తూక్కమంటే తమిళంలో నిద్ర.

వాకిట్లోకి పరుగెత్తాను. "పెట్టె నిద్రపోవడం లేదని మీకెలా తెలిసింది మామయ్యా?"

"బండి నిలిపినా లోపల చిన్న లైటు మిణుకుమంటానే ఉండాది. నీకు అదే గదా చెప్తా ఉండేది."

తప్పు నాదే. కాపలా చిప్పు లేపిన ప్రతిసారీ, లేపినట్టు ఒక గుర్తు పెడుతుంది. మళ్లీ పడుకునే ముందు దాన్ని చెరిపేయాలి. నేను చెరపలేదు. పెద్ద చిప్పు కన్ను మూయగానే ఆ పాత గుర్తు చూసి, ఎవరో పిలిచారనుకుని లేచి కూర్చునేది. కంపెనీలో బల్ల మీద దాన్ని ఒకసారి పడుకోబెట్టి లేపి చూశాం. లేచింది మళ్లీ పడుకుంటుందా అని ఎవరమూ చూడలేదు. వ్యానులోనే లాప్‌టాప్ పెట్టుకుని రెండు లైన్లు రాశాను. లైటు ఆరిపోయింది.

సోమవారం ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే వ్యాను వెనక్కి వెళ్లి చేతులు ఆనించారు. మామయ్య తాళం తిప్పారు. ఇంజను ఒక్కసారికే అందుకుంది. పెట్టె లేచిందని నా ఫోను మోగింది. పట్టలేని సంతోషంతో పకపకా నవ్వేశాను.

"ఏం చేసినావమ్మా దాన్ని?" అని పెద్దావిడ అడిగింది. నేను నోరు తెరిచేలోపే మామయ్య అందుకున్నారు.

"నేను చెప్తా వినండి. లోపల ఇద్దరుండారు. ఒకడు పండుకుంటాడు, ఇంకొకడు చెవి పెట్టుకోని ఉంటాడు. మా పాప ఏం చేసినాదంటే..."

మా కంపెనీలో నేనెప్పుడూ అంత చక్కగా చెప్పలేకపోయాను. ఆయన నన్ను పాప అనడం అదే మొదటిసారి.

ఇంజను చప్పుడులో ఏమీ వినబడడం లేదని వెనక ఉన్నవాళ్లు గోల పెట్టారు. మామయ్య తాళం తిప్పి ఇంజను ఆపేసి, మళ్లీ మొదటి నుంచి చెప్పసాగారు. బండి తిరిగి స్టార్టవుతుందో లేదోనన్న అనుమానం ఆయన ముఖంలో ఎక్కడా లేదు.